మా గోడౌన్‌లో ఆరు రోబో బండ్లు: 14 నెలలు వాడాక నా రివ్యూ

రివ్యూ రాయమని చాలామంది అడిగారు అని అబద్ధం చెప్పను, అడిగింది ఒక్కడే, మా బావమరిది. వాడు పనిచేసే చోట ఓనర్ ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి ఈ బండ్లు చూసొచ్చి మనం కూడా పెట్టేద్దాం అని కూర్చున్నాడంట, మీ దగ్గర ఉన్నాయి కదా బావా ఎలా ఉన్నాయి అని ఫోన్ చేశాడు. గంటన్నర మాట్లాడా. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, పెళ్ళైనప్పటి నుంచి మా తమ్ముడితో మీరు ఇంతసేపు మాట్లాడటం ఇదే ఫస్ట్ టైమ్ అంది. సరే ఆ గంటన్నర వేస్ట్ కాకుండా ఇక్కడ రాసి పెడుతున్నా, ఇంకెవరికైనా పనికొస్తే మంచిదే.

ముందు మా సంగతి. మేడ్చల్ సైడు హైవేకి కొంచెం లోపలికి ఉంటుంది మా గోడౌన్, టూవీలర్ స్పేర్ పార్టులు. బ్రేక్ షూలు, చైన్ స్ప్రాకెట్లు, క్లచ్ ప్లేట్లు, సైలెన్సర్లు, టైర్లు, అంతా ఇనుమూ రబ్బరే. నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని, కొనే నిర్ణయం నాది కాదు, కొన్నాక వచ్చే తలనొప్పులు మాత్రం అన్నీ నావే. 14 నెలల కింద ఆరు బండ్లు తెచ్చారు. వీటిని ఏఎంఆర్ అంటారు, అటానమస్ మొబైల్ రోబో. కంపెనీ పేరు రాయను. ఎందుకంటే నేను పెట్టే తిట్లలో సగం ఆ కంపెనీకి కాదు మాకే తగలాలి, మిగతా సగం ఏ కంపెనీ బండికైనా తగుల్తాయి.

రోబో అనగానే చేతులూ తలకాయా ఊహించుకోకండి. మోకాలి కంటే తక్కువ ఎత్తు, వెడల్పాటి పీట లాగా ఉంటుంది అంతే. చక్రాలున్న ట్రాలీ కిందకి దూరుతుంది, పై పలక కొంచెం పైకి లేపుతుంది, ట్రాలీని వీపు మీద పెట్టుకుని చెప్పిన చోటికి తీసుకెళ్ళి దింపి వస్తుంది. మా వాటికి 250 కిలోల దాకా లోడ్ పెట్టొచ్చు. ఎక్కడం దిగడం, రాక్ మీంచి సామాను తీయడం, ఇవేమీ రావు. వచ్చింది ఒక్కటే పని, ఇక్కడ నుంచి అక్కడికి మోయడం. ఆ ఒక్కటీ చేయడానికి దీనికున్న తెలివి చూస్తే మాత్రం మొదటి వారం అందరం పని మానేసి చూస్తూ నిలబడ్డాం.

ఎలా నడుస్తుందో సింపుల్‌గా చెప్తా. ఎదురెదురు మూలల్లో రెండు లేజర్ స్కానర్లు ఉంటాయి, రెండూ కలిపి చుట్టూ మొత్తం చూస్తాయి. మొదటి రోజు సర్వీస్ ఇంజనీర్ కుర్రాడొకడు వచ్చి ట్యాబ్ పట్టుకుని ఒక బండిని గోడౌన్ మొత్తం నెమ్మదిగా తిప్పాడు, మేకని మేతకి తిప్పినట్టు. అది తిరుగుతూ ఉంటే స్క్రీన్ మీద గోడలు, పిల్లర్లు, రాక్ కాళ్ళు చుక్కలు చుక్కలుగా గీసుకుంటూ పోయింది. మా గోడౌన్ వెనక గోడ తిన్నగా లేదని, ఒక మూల కొంచెం లోపలికి వచ్చిందని ఇన్నేళ్ళలో మాకెవరికీ తెలీదు, ఆ రోజే తెలిసింది. ఆ మ్యాప్ ఆరు బండ్లకీ ఎక్కిస్తారు. ఇక ప్రతి బండీ నడుస్తున్నంతసేపూ తనకి కనపడేదాన్ని ఆ మ్యాప్‌తో పోల్చుకుంటూ నేను ఇక్కడున్నా అని లెక్కేసుకుంటుంది. దారిలో ఎవరైనా అడ్డొస్తే ఆగుతుంది, పక్కన ఖాళీ ఉంటే చుట్టూ తిరిగి పోతుంది. ఇదే దీని అసలు గొప్ప.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే సేల్స్ వాళ్ళు అన్నిటినీ రోబో అనే అమ్ముతారు. నా ఫ్రెండ్ ఒకడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో చేస్తాడు, వాళ్ళ దగ్గర ఏజీవీలు, అంటే ఆటోమేటెడ్ గైడెడ్ వెహికల్స్. నేల మీద మ్యాగ్నెటిక్ టేప్ అతికించి ఉంటుంది, బండి ఆ టేప్ మీదే పోతుంది, రైలు పట్టాల మీద పోయినట్టు. అడ్డం ఏదైనా ఉంటే అది తీసేదాకా అక్కడే నిలబడుతుంది, చుట్టూ తిరగడం రాదు. ఇది కొత్తదేం కాదు, 1950లలోనే అమెరికాలో బారెట్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ వైరు దారిలో నడిచే బండి చేసింది. తనంతట తనే దారి వెతుక్కునే రోబో కూడా 1960లలోనే వచ్చింది, కాలిఫోర్నియాలో ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ వాళ్ళ షేకీ. దాని కోసం 1968లో రాసిన దారి వెతికే లెక్క, ఏ స్టార్ అంటారు, ఇవ్వాళ్టికీ వాడుతున్నారు. ఇంజనీరింగ్ చదివినోళ్ళకి గుర్తుండే ఉంటుంది, నాకు ఇంజనీర్ కుర్రాడు చెప్తే తెలిసింది. అంటే బుర్ర అప్పుడే ఉంది, లేనివి చవక కళ్ళు, చవక కంప్యూటర్, మంచి బ్యాటరీ. ఇవి వచ్చేసరికి ఇంతకాలం పట్టింది.

సరే బాగున్నవి ముందు చెప్తా.

నడక తగ్గింది. ఇది బయటోళ్ళకి చిన్న విషయంలా ఉంటుంది కానీ గోడౌన్‌లో పని అంటే సగం నడకే. ఇంతకుముందు పికింగ్ చేసేవాళ్ళు, అంటే ఆర్డర్ చూసి రాక్‌ల్లోంచి పార్టులు తీసేవాళ్ళు, వెనక రాక్‌ల నుంచి ప్యాకింగ్ టేబుల్ దాకా నిండు ట్రాలీ తోసుకుంటూ రావాలి, ఖాళీది తోసుకుంటూ వెళ్ళాలి, రోజంతా అదే. ఇప్పుడు వాళ్ళ లైన్‌లో వాళ్ళు ఉంటారు, ట్రాలీ నిండగానే చేతిలో ఉండే స్కానర్ మీద బటన్ నొక్కుతారు, బండి వచ్చి తీసుకెళ్తుంది. సాయంత్రం అయ్యేసరికి మోకాళ్ళు పట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు ఇప్పుడు నవ్వుకుంటూ బస్సెక్కుతున్నారు, నేను కళ్ళతో చూస్తున్నా. ఈ ఒక్కదానికి నేను అన్నీ క్షమిస్తా.

రెండోది భద్రత. 14 నెలల్లో ఒక్క మనిషిని తగల్లేదు. ఎంత స్పీడులో ఉంటే అంత దూరం ముందుకి చూసుకుంటుంది, ఆ జోన్‌లో కాలు పడితే చాలు ఆగిపోతుంది. ఇలాంటి డ్రైవర్ లేని బండ్లకి ఐఎస్‌ఓ 3691-4 అని ఒక స్టాండర్డ్ ఉంది, 2020లో వచ్చింది, 2023లో మళ్ళీ సవరించారు. కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ చూపించమనండి, తడబడితే అక్కడితో టీ తాగి వచ్చేయండి. మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లతో పోలిస్తే ఈ బండ్లు దేవుళ్ళు. (డ్రైవర్ అన్నలు చదివితే ఏమనుకోవద్దు, నిజం మీకూ తెలుసు.)

మూడోది ఛార్జింగ్. లిథియం బ్యాటరీ, పని లేనప్పుడు దానంతట అదే పోయి గోడ దగ్గరున్న ఛార్జర్‌కి తగులుకుంటుంది, పది నిమిషాలు ఖాళీ దొరికితే పది నిమిషాలు ఎక్కించుకుని వస్తుంది. మనం ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నట్టే. దీని గురించి మేము ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన పని పడలేదు, కాబట్టి ఇంక రాయను.

ఇప్పుడు అసలు కథ. కొటేషన్‌లో రాయనిది.

మీరు రోబో కొంటున్నా అనుకుంటారు, కానీ నిజానికి ఫ్లోర్ కొంటున్నారు. అర్థం కాలేదు కదా, నాకూ మూడో నెల దాకా కాలేదు. మనిషి ట్రాలీ తోసేటప్పుడు వంద చిన్న పనులు తెలీకుండా చేస్తాడు. పగులు వస్తే ముందు చక్రం కొంచెం లేపుతాడు, కింద అట్టముక్క పడి ఉంటే కాలితో పక్కకి తంతాడు, పల్లెట్ (సామాను పేర్చే పలక) లైన్ దాటి బయటికి వచ్చి ఉంటే ఒంటి భుజంతో నెట్టి పోతాడు, ఎవరైనా అడ్డంగా నిలబడి ఉంటే అన్నా జర జరుగు అంటాడు. వీటికి జీతం స్లిప్‌లో లైన్ లేదు. బండి వచ్చాక ఆ వంద పనులూ ఎవరూ చేయట్లేదు, అప్పుడు కనపడ్డాయి మాకు, అమ్మో ఇన్ని ఉన్నాయా అని.

మా మూడో డాక్ (లారీలు వచ్చి ఆగే గుమ్మం) దగ్గర నేలలో ఒక పగులు ఉంది, రెండు స్లాబులు కలిసే చోట. లోతేం లేదు, వేలు పట్టేంత. ఈ బండి చక్రాలు చిన్నవి, అక్కడికి రాగానే దడ్ మని ఒక్క కుదుపు. మొదటి నెలలో స్ప్రాకెట్ల పెట్టె ఒకటి పై వరస నుంచి జారి పడింది. సాఫ్ట్‌వేర్‌లో అక్కడ స్పీడ్ తగ్గించారు. అప్పుడు వెనక వచ్చే బండ్లన్నీ అక్కడ లైను కట్టడం మొదలెట్టాయి, టోల్ గేట్ లాగా. మేస్త్రీని పిలిచి పూడ్పించాం, మూడు నెలల్లో ఫోర్క్‌లిఫ్ట్ బరువుకి మళ్ళీ లేచిపోయింది. ఇప్పటికీ ఉంది ఆ పగులు.

తర్వాత స్ట్రెచ్ ఫిల్మ్. పల్లెట్ చుట్టూ చుట్టే ప్లాస్టిక్ ఉంటుంది కదా, దాని తోక సరిగా అతికించకపోతే వేలాడుతుంది. పెడస్టల్ ఫ్యాన్ గాలికి ఆ తోక ఊగుతూ లైన్లోకి వస్తుంది. బండికి అది ప్లాస్టిక్ అని తెలీదు, ఏదో అడ్డం వచ్చింది అంతే. ఆగుతుంది. తోక వెనక్కి పోతుంది. కదుల్తుంది. తోక మళ్ళీ వస్తుంది. ఆగుతుంది. ఒకరోజు రెండో నంబర్ బండి ఇలా చాలాసేపు ఆడుకుంది, మేమంతా సాఫ్ట్‌వేర్ పోయిందని ఇంజనీర్‌కి ఫోన్లు, అతను వీడియో కాల్‌లో చూసి సార్ ఆ ఫ్యాన్ ఒకసారి ఆపండి అన్నాడు. అంతే. సిగ్గుతో చచ్చా.

ఇంకోటి సీరియస్. స్కానర్ లేజర్ నేలకి జానెడు ఎత్తులో ఒక గీత లాగా మాత్రమే చూస్తుంది. మీదున్నవి చూడటానికి ముందు ఒక త్రీడీ కెమెరా ఉంటుంది కానీ అది ముందు మాత్రమే, దానికీ ఒక హద్దు ఉంటుంది. ఒకరోజు ఎవరో ఫోర్క్‌లిఫ్ట్ ఆపి, ఫోర్కులు నడుం ఎత్తులో అలాగే వదిలేసి టీకి పోయారు. బండి మలుపు తిరుగుతూ పక్క నుంచి దాని కిందకి వెళ్ళిపోయింది, బండికేం కాలేదు, పైనున్న ట్రాలీ పోయి ఫోర్క్‌కి గుద్దుకుంది. మనుషులెవరూ లేరు కాబట్టి బతికిపోయాం. మా దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు, హమాలీ పని చాలా ఏళ్ళ నుంచి, ఆయన వచ్చి చూసి, సారూ, దీనికి కండ్లు కాళ్ల కాడ ఉన్నయ్, మీద ఏమున్నదో దీనికేమెరుక అన్నాడు. రెండు రోజుల ట్రైనింగ్‌లో పీపీటీలు వేసి చెప్పింది ఇంత బాగా మాకు ఎక్కలేదు. ఆ రోజు నుంచి ఫోర్కులు నేలకి దించకుండా దిగితే ఫైన్ అని రూల్ పెట్టాం. అసలు ఆ రూల్ ఎప్పుడూ ఉండాల్సిందే, రోబో వచ్చాక గానీ పాటించలేదు.

దారి తప్పడం గురించి కూడా చెప్పాలి. నెలాఖరు సీజన్‌లో లోపలికి వచ్చే సరుకు ఎక్కువై డాక్ ముందు ఖాళీ స్థలం మొత్తం పల్లెట్లు పెట్టేస్తాం. మ్యాప్‌లో అక్కడ ఖాళీ, దూరంగా గోడ. ఇప్పుడు బండికి కనపడేది పల్లెట్ల గోడ, అసలు గోడ కనపడదు. అటు చూసినా ఇటు చూసినా మ్యాప్‌లో లేనివే. కాసేపు లెక్కలు వేసుకుని, నేనెక్కడున్నానో నాకు తెలియట్లేదు అని స్క్రీన్ మీద మెసేజ్ పెట్టి నిలబడిపోతుంది. పండగ జనంలో తప్పిపోయిన పిల్లాడిలాగా, పాపం. ఎవరో ఒకరు ట్యాబ్ తీసుకెళ్ళి నువ్వు ఇక్కడున్నావు నాయనా అని వేలితో మ్యాప్ మీద చూపించాలి. దీనికి మేము కనుక్కున్న మందు ఏంటంటే రెండు పిల్లర్ల చుట్టూ పసుపు గీత కొట్టి ఇక్కడ ఏం పెట్టొద్దు అని బోర్డు తగిలించాం, ఆ పిల్లర్లు కనపడితే చాలు అది తేరుకుంటుంది. సేల్స్ వాడు ఏం చెప్పాడో తెలుసా, మీ లేఅవుట్ ఎలా మార్చుకున్నా మా రోబో అడ్జస్ట్ అయిపోతుంది సార్ అని. అవుతుంది, కొంచెం మారిస్తే. సగం మారిస్తే కాదు.

వైఫై. రాక్‌ల నిండా ఇనుము ఉన్న గోడౌన్‌లో వైఫై ఎలా ఉంటుందో ఊహించుకోండి. బండి దారి అదే చూసుకుంటుంది కానీ, ఎవరు ఏ పనికి పోవాలి, ఇద్దరు ఒకే ఇరుకు లైన్లోకి రాకుండా ఎవరు ఆగాలి, ఇవన్నీ సర్వర్‌లో ఉన్న ఫ్లీట్ సాఫ్ట్‌వేర్ చెప్తుంది. సిగ్నల్ పోతే ఆ మాట అందదు. మొదట రెండు వైఫై బాక్సులు ఉండేవి, ఇప్పుడు ఏడు. ఈ ఖర్చు ఎవరి నెత్తిన అంటే మా నెత్తినే, కొటేషన్‌లో కస్టమర్ స్కోప్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ కస్టమర్ స్కోప్ అనే పేజీ రెండుసార్లు చదవండి, మొదటి పేజీలో రేటు కంటే అదే ముఖ్యం. మా స్టాక్ సాఫ్ట్‌వేర్‌కి దీన్ని కలపడం కూడా అందులోనే ఉంది, దానికి పట్టిన టైమ్ బండ్లు నడపడానికి పట్టిన టైమ్ కంటే ఎక్కువ. దాని గురించి రాయాలంటే బీపీ వస్తుంది, వదిలేయండి.

దసరా సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. ఆయుధ పూజ రోజు ఫోర్క్‌లిఫ్ట్‌లకి, పల్లెట్ ట్రక్కులకి, వెయింగ్ మెషిన్‌కి అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి బంతి దండలు వేస్తాం, ఈ ఆరింటికి కూడా వేశారు మావాళ్ళు, ప్రేమగా. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలీక ముందు మూలలో గుండ్రంగా మెరుస్తూ ఉంది కదా అక్కడ పెట్టారు. అదే స్కానర్. దండేమో దాని ముందే వేలాడుతోంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఓనర్ గారు స్టార్ట్ బటన్ నొక్కారు. ఆరూ కదల్లేదు. ఒక్కటి కూడా. ముందు అడ్డం ఉంది ముందు అడ్డం ఉంది అని ఆరు నోళ్ళతో ఇంగ్లీషులో ఒకటే గోల. అందరి మొహాలూ మాడిపోయాయి, ఏదో అపశకునం అన్నట్టు. దండలు తీసి, అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచి, అప్పుడు నిమ్మకాయల మీంచి వెళ్ళాయి. ఈసారి దండ వీపు మీద పెట్టాలని తీర్మానం అయింది. దీని వల్ల ఒక లాభం జరిగింది, స్కానర్ అద్దం అంటే ఏంటో అందరికీ అర్థమైంది, అప్పటి నుంచి ప్రతి షిఫ్ట్ మొదట్లో అట్టల దుమ్ము ఎవరో ఒకరు తుడుస్తున్నారు చెప్పకుండానే.

మనుషుల ఉద్యోగాల సంగతేంటి అని అడుగుతారు, అడగాలి కూడా. మా దగ్గర ఎవర్నీ తీసేయలేదు, ట్రాలీలు తోసేవాళ్ళని పికింగ్‌లోకి, ప్యాకింగ్‌లోకి మార్చారు. కానీ మానేసిన వాళ్ళ ప్లేసులో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు, ఇది కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజం అవుతుంది. ఊరి నుంచి మా తమ్ముణ్ణి పెట్టించండి సార్ అని అడిగేవాళ్ళకి ఇప్పుడు నేను ఏమీ చెప్పలేకపోతున్నా. ఇంకోపక్క లారీ లోడింగ్ అన్‌లోడింగ్ మొత్తం ఇప్పటికీ హమాలీల చేతుల మీదే, ఎగుడుదిగుడు లారీ బాడీలో, రకరకాల సైజు పెట్టెలతో ఆ పని చేసే బండి మా బడ్జెట్‌లో లేదు. అంటే అన్నిటికంటే కష్టమైన పని మనుషులకి మిగిలింది, ఈజీ పని రోబోకి పోయింది. నాకైతే ఇది తిరగేసి జరగాల్సింది అనిపిస్తుంది.

మా బావమరిది ఇంకో ప్రశ్న వేశాడు, ఇవి గోడౌన్లకేనా వేరే చోట్ల కూడా పనికొస్తాయా అని. దానికి కొంచెం వెనక్కి పోవాలి. ఈ బండ్ల వ్యాపారం ఇంతలా పెరగడానికి ఒక కారణం అమెజాన్. కివా సిస్టమ్స్ అని 2003లో మొదలైన కంపెనీ, మనిషి రాక్ దగ్గరికి పోవడం కాదు రాక్‌నే మనిషి దగ్గరికి మోసుకొచ్చే బండ్లు చేసింది. 2012లో అమెజాన్ దాన్ని 77.5 కోట్ల డాలర్లకి కొనేసి, తర్వాత బయటివాళ్ళకి అమ్మడం ఆపేసింది. క్వైట్ లాజిస్టిక్స్ అని ఒక కంపెనీ కివా బండ్ల మీదే నడిచేది, వాళ్ళకి దిక్కు లేక సొంతంగా చేసుకోవడం మొదలెట్టారు, అదే ఇప్పటి లోకస్ రోబోటిక్స్. ఒకడు తలుపు మూస్తే పదిమంది కొత్త తలుపులు పెట్టుకున్నారన్నమాట. అమెజాన్ 2025లో తన రోబోల లెక్క 10 లక్షలకి చేరింది అని ప్రకటించింది. కానీ వాటిలో చాలావరకు మనుషులు రాకుండా కంచె కట్టిన చోట నేల మీది స్టిక్కర్లు చదువుకుంటూ తిరిగేవి. మనుషుల మధ్య తిరిగే మొదటి పూర్తి అటానమస్ బండి ప్రోటియస్ అని వాళ్ళు చూపించింది 2022లో. అంత డబ్బున్న కంపెనీకే మనుషుల మధ్యకి రావడానికి పదేళ్ళు పట్టింది, మా మూడో డాక్ మీద నాకు కొంచెం జాలి కలిగింది ఇది తెలిశాక.

మన దేశంలో కూడా ఉన్నారు. గ్రేఆరెంజ్ 2011లో బిట్స్ పిలానీ కుర్రాళ్ళు పెట్టింది. నోయిడాలో ఆడ్‌వెర్బ్ 2016లో మొదలైంది, 2022లో రిలయన్స్ దాంట్లో మెజారిటీ వాటా 13.2 కోట్ల డాలర్లకి తీసుకుంది. ఫ్లిప్‌కార్ట్ 2019లో బెంగళూరులో 100కి పైగా బండ్లతో పార్సిళ్ళు సార్టింగ్ చేయించడం మొదలెట్టింది, అవి ఏజీవీలు. కాబట్టి ఫారిన్ బండే కావాలి అని లేదు, పార్టు పాడైతే ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నది అడగండి, దేశం పేరు తర్వాత.

హాస్పిటల్స్‌లో వీటికి నా ఓటు అన్నిటికంటే ఎక్కువ. శాన్ ఫ్రాన్సిస్కోలో యూసీఎస్‌ఎఫ్ మిషన్ బే హాస్పిటల్ 2015లో తెరిచినప్పుడే 25 టగ్ రోబోలతో తెరిచారు, పిట్స్‌బర్గ్ కంపెనీ ఏథాన్ చేసినవి. మందులు, భోజనాలు, దుప్పట్లు, చెత్త, అన్నీ మోస్తాయి, లిఫ్ట్‌ని అవే వైర్‌లెస్‌లో పిలుచుకుంటాయి. హాస్పిటల్ నేల చూశారా ఎప్పుడైనా? నున్నగా, తుడిచి, పగుళ్ళు లేకుండా. రోబోకి స్వర్గం అది. పైగా అక్కడ నర్స్ నడిచే ప్రతి అడుగూ పేషెంట్ దగ్గర నుంచి దూరంగా నడిచే అడుగే.

మా చిన్నాన్న కూతురు వర్జీనియాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేసింది, మనవాళ్ళు చాలామందే ఉంటారు అక్కడ. ఆరు చక్రాల డబ్బా రోబోలు క్యాంపస్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాయి, స్టార్‌షిప్ అనే ఎస్టోనియా కంపెనీవి, 2019 జనవరిలో ఆ క్యాంపస్‌లోనే మొదలెట్టారు. మంచులో ఇరుక్కుంటే స్టూడెంట్లే చేత్తో నెట్టి పంపిస్తారంట, థాంక్యూ చెప్తుందంట అది. ఫుట్‌పాత్ అనేది ఉంది కాబట్టి నడుస్తోంది అక్కడ, మన కూకట్‌పల్లి ఫుట్‌పాత్ మీద దాన్ని వదిలితే మొదటి పానీపూరీ బండి దగ్గరే దాని ప్రయాణం పూర్తి.

రెస్టారెంట్ రోబోలు మాత్రం నాకు నచ్చలేదు. సిటీలో ఒక చోట తిన్నా, పేరొద్దు. బిర్యానీ మా టేబుల్ దాకా పాట పాడుకుంటూ తెచ్చింది, బాగుంది, పిల్లలు వీడియోలు తీశారు. కానీ ప్లేట్లు దాని మీంచి మేమే తీసుకోవాలి, ఇంకొంచెం సాలన్ అడగాలంటే దానికి వినపడదు, చివరికి వెయిటర్‌నే పిలిచాం. అంత చిన్న హాల్లో పది అడుగులు మోయడానికి రోబో ఎందుకండీ, అది సర్వీస్ కాదు షో. పెద్ద ఫంక్షన్ హాల్లో వంటగది నుంచి ఎంగిలి ప్లేట్ల టబ్బులు మోయించండి, అప్పుడు ఒప్పుకుంటా.

మైనింగ్ వేరే లెవెల్. ఆస్ట్రేలియా పిల్బరాలో రియో టింటో వాళ్ళు 2008 నుంచి డ్రైవర్ లేని డంపర్లు వాడుతున్నారు, 1500 కిలోమీటర్ల దూరంలో పెర్త్‌లో కూర్చుని చూసుకుంటారు. అక్కడ గోడలు లేవు కాబట్టి జీపీఎస్ మీద నడుస్తాయి, మన బండ్లకీ వాటికీ పోలిక తక్కువ. కానీ సూత్రం ఒకటే చూడండి, వాళ్ళు కూడా ఆ ఏరియాలోకి వేరే బండ్లు, మనుషులు ఎలా పడితే అలా రాకుండా ముందు దారిని పద్ధతిలో పెట్టుకున్నారు, తర్వాతే డంపర్ మీంచి డ్రైవర్‌ని దింపేశారు.

సరే ఎవరు కొనొచ్చు. దూరం ఎక్కువ ఉండి, ఒకే రకం ట్రాలీలు, రెండు షిఫ్టులు నడిచే చోట కొనండి. ఒకటే చోటు నుంచి ఒకటే చోటుకి రోజంతా మోయాలి, దారి మారదు అంటే ఏఎంఆర్ అనవసరం, శ్రీసిటీ ఫ్రెండ్ లాగా టేప్ మీద నడిచే ఏజీవీ చవకలో అయిపోతుంది. నిజం చెప్పాలంటే చుట్టూ తిరిగి పోయే తెలివి కొన్నిసార్లు చిరాకు కూడా, ఏ పక్క నుంచి వస్తుందో మనకి తెలీదు, టేప్ బండి అయితే దాని దారి దానిది. మేము కూడా చివరికి సగం ఏరియాలో వన్‌వే గీతలు పెట్టి దీని తెలివి తగ్గించేశాం, నవ్వొస్తుంది కానీ అప్పుడే స్పీడ్ పెరిగింది. గోడౌన్ చిన్నదైతే, వాన పడితే డాక్‌లోంచి నీళ్ళు లోపలికి వచ్చేదైతే అస్సలు వద్దు. వీలైతే కొనకుండా ముందు నెల అద్దెకి రెండు బండ్లు తీసుకోండి, ఇప్పుడు చాలామంది ఇస్తున్నారు, అదీ నెలాఖరు రద్దీ వచ్చే నెలలోనే తీసుకోండి, ఖాళీగా ఉన్న నెలలో ఏ బండైనా బాగానే నడుస్తుంది.

డెమోకి పిలిచినప్పుడు వాళ్ళ షోరూం నేల మీద చూసి రావద్దు. మీ గోడౌన్‌కి తెప్పించి, అన్నిటికంటే దరిద్రంగా ఉన్న మూలలో, నిండు లోడుతో, ఫ్యాన్లు వేసి, లంచ్ తర్వాత జనం తిరిగే టైమ్‌లో నడిపించమనండి.

సర్వీస్ పర్వాలేదు, ఫోన్ ఎత్తుతారు, ఆ ఇంజనీర్ కుర్రాడు బంగారం. ఒక్క ఆరో నంబర్ బండికి మాత్రం ఏదో ఉంది, మిగతా ఐదూ పోయే దారిలోనే ఇది ఆగి ఆలోచిస్తుంది, చక్రం మార్చారు, స్కానర్ మార్చారు, అయినా అంతే. మావాళ్ళు దానికి పంతులు గారు అని పేరు పెట్టారు, ముహూర్తం చూసుకుంటే గానీ కదలదని.

రేటింగ్ అడిగితే 5కి 3.5. బండికి నాలుగున్నర ఇస్తా, ఒకటి మేము తగ్గించుకున్నాం.

ఇంకో నాలుగు బండ్లకి కొటేషన్ వచ్చి ఓనర్ గారి టేబుల్ మీద ఉంది, నా అభిప్రాయం రాసి పంపమన్నారు. ముందు మూడో డాక్ పగులు పూర్తిగా తవ్వి మళ్ళీ పోయించండి అని ఒక్క లైనే రాశా. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.